గుండీల డబ్బా

"వాడికేం పిచ్చి లేదు. ఆ మాట ఇంకోసారి వినపడితే ఊరుకోను" అంది అత్తయ్య, కుట్టుమిషను ఆపకుండానే.

కోడలికి ఒళ్లు మండింది. పిచ్చి అని తనెక్కడంది? డాక్టరుకి చూపిద్దామంది, అంతే.

పెళ్లయి ఏడాది తిరగలేదు. మొగుడు కళ్లద్దాల షాపులో పని చేస్తాడు. కొత్తలో రోజుకో ఫ్రేము తెచ్చి ఆమె ముక్కు మీద పెట్టి, "ఇవాళ హెడ్‌మిస్ట్రెస్ లా ఉన్నావు" అని పడీ పడీ నవ్వేవాడు. ఇప్పుడు షోకేసులోని కళ్లద్దాలన్నీ తననే చూస్తున్నాయని వాటికి కాగితాలు అంటించాడు. యజమాని ఇంటికి పొమ్మన్నాడు. గోడలకు చెవులుంటాయంటారు. ఇతని గోడలకు నోళ్లు కూడా వచ్చాయి. పొద్దస్తమానం తిడుతున్నాయట.

"వాడి వెనకాల గుసగుసలాడకు. ఏదున్నా ఎదురుగా కూర్చుని చెప్పు" అంది అత్తయ్య. "ఆ గొంతులు అబద్ధమని వాదించకు. ఇంకా రెచ్చిపోతాయి."

"ఇన్ని తెలిసినవారు డాక్టరు దగ్గరికి వద్దంటారేం?"

"ఆ మెట్లెక్కినవాళ్లని లోకం ఎలా చూస్తుందో నీకు తెలీదు. పెళ్లికెళితే పక్క కుర్చీలో ఎవరూ కూర్చోరు."

"మంచిదేగా. కాళ్లు చాపుకుంటాను."

భోజనమయ్యాక అత్తయ్య ఎప్పటిలాగే గుండీల డబ్బా మూత తీసి, అందులో దాచుకున్న, బీపీకని చెప్పే మాత్ర నోట్లో వేసుకుంది. కోడలు మంచినీళ్ల గ్లాసు ఠక్కున ఆవిడ ముందు పెట్టింది.

"మీ బీపీకి రోజూ మాత్ర కావాలి. మీ అబ్బాయికి మాత్రం గాలికి నయమైపోవాలి. పరువు మీకు మిగిలితే చాలు. మనిషి నాకు మిగలక్కర్లేదా?"

అత్తయ్య డబ్బా మూత పెట్టబోయింది. ఎంతకీ అది సరిగ్గా పడలేదు.

మర్నాడు కోడలే మొగుణ్ణి బయల్దేరదీసింది. నిద్రకు మందు అడుగుదామంటే వచ్చాడు. అత్తయ్య రాలేదు, ఆపనూ లేదు.

"మొదట్లోనే తీసుకొచ్చారు, మంచి పని చేశారు. ఇదీ ఒక జబ్బే, మందుంది" అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాటకు కోడలు దారి పొడుగునా గాల్లో తేలింది.

ఇంటికొచ్చాక మాత్ర మొగుడి అరచేతిలో పెట్టింది. అతను దాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"విషం. వాళ్లు చెప్తున్నారు. నువ్వూ వాళ్లతో కలిసిపోయావు."

"నేనా? నేను నీకు విషం పెడతానా?" ఆమె కోపమంతా అత్తయ్య మీదికి తిరిగింది. "చూశారా? చూడండి బాగా. ఇన్నాళ్లూ పరువుకి కాపలా కాశారు కదా, ఇప్పుడు మీరే వేయించండి ఈ మాత్ర. చేతనైతే."

కుట్టుమిషను ఆగింది.

అత్తయ్య గుండీల డబ్బాతో లేచి వచ్చి, కొడుకు ముందు చతికిలబడి, అచ్చం అలాంటి మాత్రే ఒకటి తీసి అతని అరచేతిలోని దాని పక్కన పెట్టి, "నాకూ మొదట్లో విషమనే చెప్పాయిరా, ఆ గొంతులు" అంది.