పదో పుట్టగొడుగు

తొలకరి పడ్డ మర్నాడు అడవిలో తెల్లటి గుండ్రని పుట్టగొడుగులు బంతుల్లా లేచాయి. కుందేలు పది ఏరి మోదుగాకు దొప్పలో వేసుకుని, ఏదుపంది అవ్వ దగ్గరికి పరుగెత్తింది.

"అవ్వా, పిల్లలు ఆకలితో ఉన్నారు. త్వరగా చూసి పంపించెయ్."

అవ్వ తన వీపు మీది ముల్లొకటి పీకి, మొదటిదాన్ని పైనుంచి కిందికి నిలువునా చీల్చింది. లోపలంతా జున్నుముక్కలా తెల్లగా, గట్టిగా ఉంది.

"ఇది తినొచ్చు," అంది.

రెండోది లోపల పచ్చబారింది. ముదిరిపోయిందని పారేసింది. తర్వాతి ఏడూ తెల్లగానే ఉన్నాయి.

పదోదాని దగ్గరికి వచ్చేసరికి కుందేలుకి ఓపిక పోయింది.

"ఇదీ ఆ చెట్టు కిందదే అవ్వా! తొమ్మిదింటిలో ఒక్కటీ విషపుది కాదు. ఇదొక్కటే వేరేగా ఉంటుందా?"

"ఆ తొమ్మిదీ వాటి సంగతే చెప్పాయి. దీని సంగతి ఇదే చెప్పాలి," అంటూ అవ్వ చీల్చింది.

లోపల ముడుచుకున్న చిన్న గొడుగు కనిపించింది. కాడ ఉంది, తల ఉంది, తల కింద సన్నటి రేకులున్నాయి.

"ఇంకా విచ్చుకోని విషపు గొడుగు ఇది. తినుంటే మీ ఇంట్లో ఒక్కరూ మిగిలేవాళ్లు కాదు," అని అవ్వ దాన్ని గోతిలో పూడ్చేసింది.

అవ్వ తన బొరియలోంచి ఇంకొకటి తెచ్చింది.

"దాని బదులు ఇది తీసుకో. నా గుమ్మం ముందు మొలిచింది, నా చేత్తో ఏరాను. పిల్లలకి పెట్టు."

కుందేలు దాన్ని అందుకోలేదు.

"ముందు ఆ ముల్లు ఇలా ఇవ్వు అవ్వా."

అవ్వ పకపకా నవ్వి ముల్లు ఇచ్చేసింది.

"ఇంక రేపట్నుంచి నువ్వు నా దగ్గరికి రానక్కర్లేదు."