ఖాళీ వీపు

"కళ్ళు మూసుకుని, ఉన్నచోటనే యాభై అడుగులెయ్యి," అన్నాడు చెవి డాక్టరు షబ్బీర్.

కళ్ళు తిరిగే జబ్బుకి మూలం లోపలి చెవిలో ఉందో లేదో పట్టిచ్చే కొత్త పరీక్ష అది. ముందు గట్టివాడి మీద సరిచూద్దామని నరసరావుపేట పత్తిమిల్లు హమాలీ మరియదాసుని ఏరికోరి పిలిపించి, సుద్దతో గీసిన గుండ్రంలో నిలబెట్టాడు.

మరియదాసు ఇరవయ్యో అడుగుకల్లా పోయి గోడకి గుద్దుకున్నాడు. మూడుసార్లూ అదే గోడ.

"నీ చెవి చెడిందయ్యా. ఇక బరువులు మొయ్యొద్దని మేస్త్రీకి చీటీ రాస్తా."

"అట్టా రాయమాకండయ్యా. జానెడు వెడల్పు చెక్క మీద క్వింటా బస్తాతో లారీ ఎక్కేవాణ్ణి, ఏనాడూ తూలలా. ఖాళీ వీపుతో నిలబెడితే ఎవుడైనా తూలతాడు."

"ఆసుపత్రిలో బస్తా యాడ తెచ్చేది?"

మరియదాసు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "తమరెంత తూగుతారు?"

పరీక్ష కన్నా పరువెక్కువా అనుకుని షబ్బీర్ కోటు విప్పాడు.

హమాలీ వీపు మీద వేలాడుతూ యాభై అడుగులూ లెక్కపెట్టి కిందికి చూశాడు. రెండు మడమలూ గుండ్రం నడిమధ్యనే ఉన్నాయి.

"చీటీ రాయనులే. ఇక దించు."

మరియదాసు కదల్లేదు. "గోడ పట్టుకోనియ్యండయ్యా," అన్నాడు మెల్లగా. "తమర్ని దించితే నేను పడతా."