పొరపాటున పొగిడిన రోజు

“నేను మంత్రిని పొగిడానా? నేను? నా ఫోటో కూడా వేసి మరీ పొగిడించారే నా చేత! మీరు మనుషులేనా?”

పొద్దున్నే పేపరు తెచ్చి ఎడిటర్ బల్ల మీద విసిరికొట్టింది ఆ పేపర్లో రోజూ వ్యాసం రాసే ఆవిడ. ఆఫీసులో అందరూ ఆమెను అగ్గిపెట్టె అంటారు. ఎదురుగా మాత్రం మేడం అంటారు. మందుల ధరలైనా, సెల్‌ఫోను కంపెనీల మోసమైనా, సీట్ల బేరమైనా ఆమె తిట్టకుండా వదిలిన రోజు లేదు.

ఎడిటర్ తల పట్టుకున్నాడు. “నేను తిట్లున్నదే పెట్టమని చెప్పానమ్మా.”

పేపర్లలో ఇదో దిక్కుమాలిన అలవాటు. మంత్రివర్గం ఇంకా కూర్చోకముందే వ్యాసం రెండు రకాలుగా రాయించి పెట్టుకుంటారు. ఏది జరిగితే అది వేస్తారు. ఈసారి గొడవ పెద్దాసుపత్రిలోని డయాలసిస్ వార్డు గురించి. దాన్ని మూసేసి, మిషన్లన్నీ ఓ ప్రైవేటు కంపెనీ చేతిలో పెడతారట. ఇకమీదట రోగి ఫోన్లో యాప్ తెరిచి, డబ్బు కట్టి, తన వంతు కోసం చూసుకోవాలట. నడవలేని మనిషి, ఫోన్లో బొమ్మలు నొక్కుతూ!

మూసేస్తే వేయడానికి ఆమె నిప్పులు కక్కుతూ ఒకటి రాసింది. మూయకపోతే వేయడానికి పళ్ళు కొరుక్కుంటూ ‘మంత్రిగారికి ధన్యవాదాలు’ అని ఇంకొకటి గీకి పడేసింది. నిన్న సాయంత్రం మూసేయడానికే నిర్ణయమైంది. ఇంకా బయటికి చెప్పలేదు, లోపలి మనిషి ఒకడు ఎడిటర్ చెవిన వేశాడు. ఉత్తర్వు ఇవాళ రావాలి. అది రాకముందే, ఆ కబురు విన్న ఆసుపత్రి సూపరింటెండెంటు అత్యుత్సాహంతో వార్డుకు తాళం వేయించాడు. తెల్లారి పేపర్లో పడిందేమో ధన్యవాదాలు!

పేజీలు పెట్టే ఆయన గుమ్మంలో నిలబడి గొణిగాడు. “రెండింటి మీదా మీ పేరే ఉంది మేడం.”

“లోపల ఏముందో చదవక్కర్లేదా? చదవకుండా పేపరు ఎలా పెడతావయ్యా?”

“రోజూ అలాగే పెడతాను మేడం.”

ఆమె ఎడిటర్ వైపు తిరిగింది. “సవరణ వేయండి. రేపటిదాకా ఆగేది లేదు, ఇప్పుడే వెబ్‌సైట్లో పెట్టండి. ఇది తప్పు, వార్డు మూసేశారు, వీళ్ళు దుర్మార్గులు అని.”

“దుర్మార్గులు తీసేస్తాను,” అంటూ ఎడిటర్ టైపు చేయడం మొదలుపెట్టాడు.

ఇంతలో ఆమె ఫోను మోగింది. తమ్ముడు. రోజు విడిచి రోజు ఆ వార్డులో పడుకుని రక్తం శుభ్రం చేయించుకునేది వాడే.

“అక్కా! నీ నోట్లో పంచదార పొయ్య! వార్డు తెరిపించావుగా!”

“ఏంట్రా వాగుతున్నావ్? తాళం వేశారుగా?”

“వేశారు. నీ పేపరు పట్టుకుని అందరం వెళ్ళి సూపరింటెండెంటు మీద పడ్డాం. చదివి నీళ్ళు నమిలాడు. మంత్రిగారు మనసు మార్చుకుంటే నేనెవర్ని అడ్డు చెప్పడానికి అని తాళం తీయించాడు. నన్ను అప్పుడే మిషన్‌కి తగిలించేశారు. ఇన్నాళ్ళకి ఓ మంచి మాట రాశావక్కా! ఎప్పుడు చూసినా ఆ తిట్లేంటి, వినేవాళ్ళకి విసుగు రాదూ?”

ఆమె తలెత్తి చూసింది. బల్లకవతల ఎడిటర్ టకటకా టైపు చేస్తున్నాడు.

“ఎప్పటికి అవుతుందిరా?”

“మధ్యాహ్నం దాటుతుంది. ఏం?”

“ఏం లేదు. కదలకుండా పడుకో.”

ఫోను పెట్టేసి, ఎడిటర్ చేయి గట్టిగా పట్టుకుంది. “ఆపండి. సవరణ వద్దు.”

“ఇందాకేగా వేయమని నా మీద పడ్డారు!”

“ఇప్పుడు వేస్తే నిజంగానే పడతాను. మా తమ్ముడి రక్తం మిషన్లో తిరుగుతోంది. మీ సవరణ చూసి వాళ్ళు స్విచ్చి ఆపితే?”

“మరి మీ పరువు?”

“పోనివ్వండి.”

“మరి నా ఉద్యోగం? తప్పని తెలిసీ దిద్దకపోతే మంత్రి నన్ను...”

ఈసారి బల్ల మీది ఫోను మోగింది. ఎత్తిన ఎడిటర్ చటుక్కున లేచి నిలబడ్డాడు. మంత్రిగారి కార్యదర్శి. మాట్లాడినంతసేపూ “సార్, సార్” తప్ప ఇంకో మాట లేదు. పెట్టేశాక కుర్చీలో కూలబడ్డాడు.

“పొద్దుట్నించీ మంత్రిగారికి అభినందనల ఫోన్లు ఆగట్లేదట. ఎన్నడూ మెచ్చుకోని అత్తగారు కూడా మెచ్చుకుందట. ఇప్పుడు మూస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలని ఉత్తర్వు చింపేశారట. వార్డు ఉంటుంది. సవరణా గివరణా అన్నామంటే తోలు తీస్తారట.”

ఆమెకు తమ్ముడు గుర్తొచ్చి ఊపిరి వచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

“నెలంతా గొంతు చించుకుని రాశాను. జనం ప్రాణాలు పోతాయని లెక్కలతో సహా రాశాను. ఒక్కడు కదల్లేదు. జరగనిదాన్ని ఒక్కరోజు పొగిడితే ప్రభుత్వం కదిలిందా? ఛీ! ఇంతకంటే కూరగాయలమ్ముకోవడం నయం.”

సంచి భుజానికి తగిలించుకుని లేచింది. బల్ల మీది ఫోను మళ్ళీ మోగింది. ఎడిటర్ విని, రిసీవరు ఆమె చేతిలో పెట్టాడు. అవతల ఎవరో ముసలావిడ.

“వ్యాసాలు రాసే అమ్మాయివేనా? మా పల్లె ఆసుపత్రికి డాక్టరు రావట్లేదని మొన్న అందర్నీ తిట్టిపోశావు చూడు, వాడింకా రాలేదు తల్లీ. ఈసారి తిట్టకు. వచ్చాడని రాసెయ్యి!”