గుర్తింపు లేని భాగం

కొత్తగా బిగించిన హెడ్‌లైట్ చక్కగానే వెలిగింది. కారే మొండికేసింది.

"ఇంకోసారి ఆపి స్టార్ట్ చెయ్యమ్మా," అన్నాడు గస్ నొవిట్స్కీ, చలికి ఎర్రబడ్డ చేతులు జేబుల్లో దోపుకుంటూ.

పక్కింటి రొబెర్టా బటన్ నొక్కింది. స్టీరింగ్ పక్కనున్న తెర మీద మళ్లీ అవే అక్షరాలు: గుర్తింపు లేని భాగం. డీలర్‌ను సంప్రదించండి. ఆ అక్షరాలున్నంత సేపూ కారు గంటకు పదిహేను మైళ్లు దాటి పోదు.

"లైటు మారిస్తే ఇంజనుకెందుకండీ కోపం?" అంది రొబెర్టా.

గస్ బానెట్ మూశాడు. దాని మీద చెయ్యి తియ్యకుండానే అద్దంలోంచి ఆ అక్షరాలు మళ్లీ చదివాడు.

పోయిన వారం ఒవోసో ఊరి బయట రొబెర్టా కారుకు జింక అడ్డం పడి లైటు పగిలింది. గస్ పాత కార్ల యార్డులో రెండు రోజులు తిరిగి అదే మోడలు, అదే ఏడాది కారు లైటు సంపాదించి తనే బిగించాడు. అయినా అది వేరే కారు నుంచి ఊడదీసిందని ఈ కారుకు తెలిసిపోయింది. డీలరు తన కంప్యూటరు పెట్టి పరిచయం చేస్తే తప్ప ఒప్పుకోదట. డీలరు దగ్గర అయిదు వారాల దాకా ఖాళీ లేదట.

రొబెర్టాకు అయిదు వారాలు ఆగే వీలు లేదు. మంచాన పడ్డ ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానాలు చేయించి, మందులేసి, తిండి పెట్టి రావడం ఆమె పని. రెండు రోజులు ఆలస్యమయ్యేసరికి ఒక ఇంటివాళ్లు అప్పుడే ఇంకొకరిని పెట్టేసుకున్నారు.

మర్నాటి నుంచి గస్ తన ఆకుపచ్చ పాత కారులో ఆమెను దిగబెట్టసాగాడు. డెబ్భై ఒకటో సంవత్సరం బండి. అందులో తెర లేదు, కంప్యూటరు లేదు. ప్రతి బోల్టూ అతని చేత్తో విప్పి బిగించిందే. వీధిలో వాళ్లు అతణ్ణి కార్ల పిచ్చోడంటారు.

"దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు," అనేవాడు గేరు మారుస్తూ.

ఆమె పెట్రోలుకు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆపిల్ 'పై' మిఠాయి చేసి తెస్తే చేదు మందులా మింగాడు. థాంక్స్ చెబితే చాలు, ముఖం అటు తిప్పుకునేవాడు. మొహమాటం మనిషి అనుకుంది రొబెర్టా.

పగలంతా అతనికి ఫోన్లే పని. కారు కంపెనీ నంబరుకు చేస్తే నలభై నిమిషాలు సంగీతం, ఆ తర్వాత తియ్యటి మర గొంతు, ఆ తర్వాత ఎవరో కుర్రాడు. "అదంతా మీ భద్రత కోసమే సార్," అన్నాడా కుర్రాడు, కాగితంలో చూసి చదువుతున్నట్టు. సెనేటరుకు ఉత్తరం రాస్తే, జింకల వేట గురించి మీ అమూల్యమైన అభిప్రాయానికి కృతజ్ఞతలు అని జవాబొచ్చింది. ఒక పార్టీ ఆఫీసులో ఇలాంటివి మార్కెట్టే తేల్చుకుంటుందన్నారు. రెండో పార్టీ ఆఫీసులో కమిటీ వేసి అధ్యయనం చేస్తామన్నారు. రెండు చోట్లా ఒకే రకం కాఫీ ఇచ్చి ఒకే రకంగా సాగనంపారు.

చివరికి తెలిసిందేమంటే, ఎవరి కారు వాళ్లు ఎక్కడైనా బాగు చేయించుకోవచ్చనే బిల్లు ఒకటి రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో సెనేట్ కమిటీ ముందుకు వస్తోంది. మంగళవారం విచారణ. పేరిచ్చిన ప్రతి ఒక్కరికీ మాట్లాడడానికి మూడు నిమిషాలు.

"కారు నాది. మీరెందుకండీ ఇంతలా తిరుగుతున్నారు?" అని అడిగింది రొబెర్టా దారిలో.

"రిటైరైనవాణ్ణి. నాకింకేం పనుంది," అన్నాడు గస్ రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.

విచారణలో ముందు రొబెర్టా మాట్లాడింది. తన కోసం కిటికీ దగ్గర ఎదురుచూసే ముసలమ్మ గురించి చెబుతుంటే ఇద్దరు సెనేటర్లు ఫోన్లు చూసుకుంటున్నారు.

తర్వాత కంపెనీ లాయరు లేచింది. నెమ్మదైన మనిషి, నమ్మబుద్ధేసే గొంతు. కారు వేగానికి వేసిన ఆ తాళం లాభం కోసం కాదని, ముక్కూమొహం తెలియని లైటు తగిలిస్తే బ్రేకులు దెబ్బతిని ప్రాణాలు పోవచ్చని చెప్పింది. భద్రత అన్న మాట పదకొండుసార్లు వాడింది. గస్ లెక్కపెట్టాడు. సెనేటర్లు తలలూపుతున్నారు.

"అయిపోయింది. ఇంటికి పోదాం పదండి," అని గుసగుసలాడింది రొబెర్టా.

అప్పుడే అతని పేరు పిలిచారు. గస్ మోకాళ్లు పట్టుకుని లేచి, మైకు ముందు కూర్చున్నాడు. రాసుకొచ్చిన కాగితం జేబులోంచి తియ్యలేదు.

"ఆ తాళానికీ భద్రతకూ ఏ సంబంధం లేదు," అన్నాడు. "అది బ్రేకుల జోలికే పోదు. భాగం నంబరు చూస్తుంది. జాబితాలో లేకపోతే వేగం తగ్గిస్తుంది. ఇంకేమీ చెయ్యదు. జనం వేరే షాపుకు పోకుండా డీలరు దగ్గరికే రావాలని పెట్టిందది."

లాయరు మొదటిసారి తల తిప్పి అతణ్ణి చూసింది.

కమిటీ అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకున్నాడు. "మిస్టర్ నొవిట్స్కీ, మీరు కార్ల ప్రియులని ఇక్కడ రాసుంది. బాగానే ఉంది. కానీ పాత బండ్లు బాగుచేసుకోవడం వేరు, ఇది వేరు. కంపెనీ లోపలి సంగతి మీరింత గట్టిగా ఎలా చెప్పగలరు?"

వెనక ఎవరో చిన్నగా నవ్వారు. గస్ అధ్యక్షుడి వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, ధైర్యం చెబుతున్నట్టు తల ఊపుతున్న రొబెర్టాను చూశాడు. అతని చూపులో తప్పించుకునే ఓపిక కూడా మిగల్లేదు.

"ఆ తాళం ప్రోగ్రాం రాసింది నేనే."