రేకు కింద ఎముక

గడ్డపార మొన కారు అంచుకు ఆనబోతుండగా డ్రైవరు నరసింహ అడ్డం పడి పెంచలయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“ఆపన్నా. ఆ రేకు వట్టి అప్పడం. సొట్ట పడిందంటే నా కూడు పోతాది.”

పెంచలయ్యకు ఒళ్ళు మండింది. కళ్ళం దగ్గర పని ఆపుకుని నలుగురు మనుషుల్ని పిలుచుకొచ్చింది ఆయనే మరి. “బయటికి తియ్యాలంటావు, ముట్టుకోవద్దంటావు. ఊది లేపమంటావా ఏంది?”

ఆ కారు ఉదయగిరి చిన్నరెడ్డిది. పందేల్లో పరిగెత్తే రకమట, మద్రాసులో మోజుపడి కొన్నాడు. ఇద్దరికి మించి పట్టరు, చూస్తే నేలకు అతుక్కున్నట్టు ఉంటుంది. “ఒక్క గీత కనిపించినా రేపటి నుంచి పనిలోకి రావద్దు” అని చెప్పి మరీ డ్రైవరు చేతికి తాళం ఇచ్చాడు. ఆత్మకూరు దాటి ఎనిమిది మైళ్ళు బాగానే వచ్చింది. గొర్రెల మందను తప్పించబోయేసరికి ముందు చక్రం రోడ్డు పక్క గుంటలో దిగబడింది. జాకీ పెడదామా అంటే కారు కడుపు నేలకానుకుని ఉంది. జాకీ మాట దేవుడెరుగు, చెయ్యి దూరే సందు కూడా లేదు.

అంతసేపూ గట్టు మీద చుట్ట కాలుస్తూ కూర్చున్న ముసలాయన లేచి వచ్చాడు. పేరు మాల్యాద్రి. బావుల్లోంచి ఎడ్లతో నీళ్ళు తోడే కపిలలకు తోలు బానలు కుట్టడం ఆయన పని. కరువు రోజుల్లో గొడ్డు చతికిలబడి లేవలేకపోతే, లేపడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన్నే పిలుస్తారు.

“దీనికి ఎముకలు యాడుండాయి నాయనా?” అని అడిగాడు.

నరసింహకు ఎగతాళి అనిపించింది. “కారుకు ఎముకలేంది తాతా?”

“తోలుండాది గదా. తోలుంటే లోపల ఎముక ఉండక యాడికి పోతాది? పడిన గొడ్డును డొక్క పట్టి ఎత్తితే డొక్క చీలతాది. ఎముక పట్టి ఎత్తాల.”

మాల్యాద్రి చెవి ఆనించి, వేలి కణుపుతో రేకు మీద కొట్టాడు. డొల్లగా మోగింది. “ఇది తోలు.” ఇంకోచోట కొట్టాడు. “ఇదీ తోలే.” బోర్లా పడుకుని, కారు కింది మట్టిని చేత్తో తోడి, భుజం దాకా చెయ్యి దూర్చాడు. ఈసారి చప్పుడు గట్టిగా, ముద్దగా వచ్చింది.

“ఇదో, ఈడుండాది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే ఎముక.”

నరసింహ భయం కాసేపు మరిచిపోయాడు. తనూ పడుకుని చెయ్యి పెట్టి చూశాడు. లావుపాటి ఇనుప దూలం తగిలింది. ఇన్నాళ్ళూ ఆ కారును తోలుతూ కూడా దాని సంగతే ఎరగడు, పాపం.

ఇక పెంచలయ్యకూ హుషారు పుట్టింది. గోనెసంచిలో వరిగడ్డి కూరి దూలం కింద మెత్త వేశారు. దాని కిందికి తుమ్మవాసం దూర్చి, మధ్యలో రాయి ఆనించి, నలుగురూ అవతలి కొస మీద బరువు మోపారు. కారు బెత్తెడు లేచింది. చక్రం కింద రాయి పడింది. మళ్ళీ బెత్తెడు, మళ్ళీ రాయి.

“నిదానం. వాసం తోలుకు తగలనీయబాకండి” అంటూనే ఉన్నాడు మాల్యాద్రి, కారు పక్కన అరచెయ్యి ఆనించి.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చక్రం రోడ్డెక్కింది. నరసింహ తలగుడ్డ విప్పి కారంతా తుడిచాడు. కూర్చుని చూశాడు, వంగి చూశాడు, ఎండకు అడ్డం నిలబడి చూశాడు. వెంట్రుకవాసి గీత లేదు. పోయిన ప్రాణం లేచొచ్చింది. ముసలాయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నా బిడ్డల నోటికాడ కూడు నిలబెట్టినావు తాతా. నీకేం కావాలో అడుగు. కాదంటే ఒట్టు.”

“నాకేం వద్దులే” అంటూనే మాల్యాద్రి బానెట్టు మీద చెయ్యి వేసి నిమిరాడు. పొడుగు ఒకసారి, అడ్డం ఒకసారి జానలేసి కొలిచాడు. పెదాలు కదిపి ఏదో లెక్క చూసుకుని తల ఊపాడు.

“ఒక్క మాట మాత్రం మర్చిపోబాక నాయనా. ఇది చచ్చిననాడు నాకు కబురు పెట్టు. దీని తోలుకు రెండు బానలు వస్తాయి. చిల్లిబడితే నీళ్ళు నిలవవని గదా, ఇంతసేపు ఇంత పదిలంగా ఎత్తించినాను.”