ఆకుపచ్చ పెట్టె

ఇళ్లలో మాటలు వినే పెట్టెలు పెట్టాక, పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ ఆదుకునే మా సంస్థలో ఎవరికీ కుదురు లేదు. ఎవరు చావు మాటెత్తినా పెట్టె ఎర్రబడి మాకు కబురొస్తుంది, నేను స్కూటీ తీయాలి.

ఇవాళ ఒకావిడ "నీతో చస్తున్నానే" అని కూతురిని తిట్టింది. పరుగెత్తుకెళ్తే ఇద్దరూ దోసెలు తింటున్నారు. హెల్మెట్ కూడా తీయకుండా తిరిగొచ్చాను.

హైమావతి ఇంట్లో పెట్టె ఎప్పుడూ ఆకుపచ్చగానే ఉంటుంది. చావు మాట ఒక్కసారైనా దొర్లని ఇల్లుంటుందా అని మనసు నిలవక వెళ్లాను.

"మేం బాగున్నామండీ," అంది హైమావతి. కూతురు ప్రణీత పెట్టె వైపు చూస్తూ అదే మాట అప్పజెప్పింది.

పెట్టె వైరు పీకేశాను. "ఇప్పుడు చెప్పు తల్లీ."

"చచ్చిపోవాలనుంది ఆంటీ."

"అందరూ అనే మాటేగా అండీ," అంటూ హైమావతి నవ్వబోయింది.

నేను హెల్మెట్ తీసి కింద పెట్టి, ప్రణీత పక్కన కూర్చున్నాను.