పేషెంటు తరఫున

"ఆ పేషెంటుని అడిగారా మేడమ్?"

నలభై మంది ఉన్న ఆన్‌లైన్ క్లాసు మధ్యలో వినిపించిందా ప్రశ్న. అడిగింది క్లాసు లీడర్. నర్సింగ్ ఆఖరి ఏడాది. వంటింటి గట్టు మీద ఉప్పు డబ్బాకి ఫోన్ ఆనించుకుని పాఠం వింటోంది.

మూడు వారాలుగా ఇదే వరస. కాలేజీ మూసేశాక ప్రాక్టికల్స్ ఎలాగని అందరూ తలలు పట్టుకుంటే, తనకి కొవిడ్ వార్డులో ఉండక తప్పదనీ, క్లాసు అక్కణ్ణుంచే చెబుతాననీ మేడమ్ కబురు పెట్టారు. అప్పట్నుంచీ తెర మీద మంచం అంచు, దుప్పటి మీద చాపిన ఒక చెయ్యి, గ్లవ్స్ తొడుక్కున్న రెండు చేతులు. మేడమ్ మొహం కనిపించదు. గొంతు వినిపిస్తుంది, అంతే. నరం ఎక్కడ వెతకాలి, సూదిని ఎంత వాలుగా పట్టుకోవాలి, నరం తప్పితే చర్మం ఎలా ఉబ్బుతుంది, అన్నీ ఆ చేతి మీదే.

ఆ చెయ్యి రోజురోజుకీ కమిలిపోతోంది. మణికట్టు దగ్గర నలుపు, మోచేతి దగ్గర ఊదారంగు. సూది దిగేటప్పుడు మేడమ్ మాట ఆపేసేవారు, పిల్లలు శ్రద్ధగా చూడాలని కాబోలు. పేషెంటు మాత్రం ఒక్కనాడూ కిక్కురుమనలేదు.

క్లాసు లీడర్‌కి ఒళ్లు మండింది అక్కడే. వాళ్ల నాయనమ్మ కిందటి నెలలో ఆసుపత్రి నుంచి ఇలాంటి చేతులతోనే ఇంటికొచ్చింది. ఎవరెవరో వచ్చి గుచ్చిపోయారనీ, ఎందుకని అడిగే ఓపిక కూడా తనకి లేకపోయిందనీ చెప్పి ఏడ్చింది.

"ఆ పేషెంటుకి అభ్యంతరం లేదులే," అన్నారు మేడమ్. గొంతు పీలగా ఉంది.

"పేషెంటు తరఫున మీరెలా చెప్తారు?"

"చెప్పగలను. ముందు నువ్వు సూది చూడు."

ఆ నిర్లక్ష్యానికి ఆ పిల్ల చర్రున లేచి ఫోన్ కట్టేసింది. నోరులేని మనిషిని బొమ్మని చేసి ఆడుకుంటున్నారంటూ ప్రిన్సిపాల్‌కి రెండు పేజీల ఫిర్యాదు రాసింది. ఇంటర్నల్ మార్కులు మేడమ్ చేతిలోనే ఉన్నాయని స్నేహితురాళ్లు భయపెట్టారు. చదువు గట్టెక్కేదాకా నోరు కట్టుకోమని అమ్మ బతిమాలింది. ఎవరి మాటా వినలేదు.

నాలుగో రోజు ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. ఆ క్లాసు ఇక ఉండదన్నారు. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోమన్నారు.

మేడమ్‌ని ఆయన వెనకేసుకొస్తున్నారని ఆ అమ్మాయికి ఇంకా మండింది.

"తీసుకోను సార్. పేషెంటు ఒప్పుకున్నట్టు కాగితం ఉంటే చూపించండి. లేదంటే పైవాళ్ల దాకా వెళ్తాను."

"ఉందమ్మా. పంపిస్తాను," అన్నారాయన.

కాసేపటికి ఫోటో వచ్చింది. ఆసుపత్రి ముద్ర వేసిన అంగీకార పత్రం. విద్యార్థులకి నేర్పడానికి తన చేతిని ఇష్టపూర్వకంగా ఇస్తున్నానని అందులో రాసి ఉంది. ఏ అమాయకుడి చేతో వేయించిన వేలిముద్ర అయి ఉంటుందనుకుంటూ ఫోటోని పెద్దది చేసింది.

సూది వేసేవారు అని ఉన్నచోట ఎవరో వార్డు నర్సు సంతకం ఉంది. రోగి పేరు అని ఉన్నచోట, మంచం నంబరు పక్కన, మేడమ్ పేరే ఉంది.